ఎర్ర గచ్చు, పట్టు పోగు

మొన్న పొద్దున దిండు గలీబు మీద శనగగింజంత ఎర్రటి మరక చూసి నా పైప్రాణాలు పైనే పోయాయి. మా పాపకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. అప్పటికప్పుడు ఎత్తుకొని పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన చిన్న టార్చి వేసి ముక్కు లోపల చూసి, "ఏం లేదమ్మా, ఇంట్లో గాలి బాగా పొడిగా ఉన్నట్టుంది. లోపలి చర్మం ఎండి చిట్లింది, అంతే" అన్నారు. ఏసీ తగ్గించమని, గదిలో కొంచెం తడి ఉండేలా చూడమని చెప్పి పంపించారు.

అంతే అని ఆయన అన్నారు గానీ నాకు అంతటితో పోలేదు. ఆ రోజు నుంచి ఇల్లంతా అనుమానంగా చూస్తున్నాను. బెళ్ళందూరులో మా ఫ్లాటు కిటికీ తెరిస్తే చెరువు వాసన, దోమలు. అందుకని ఎప్పుడూ మూసే ఉంటుంది. చూడగా చూడగా ఒక్కొక్కటీ కనబడుతోంది. బీరువా తలుపు అంచున అతికించిన చెక్క పొర లేచింది. పుస్తకాల అట్టలు వంకర తిరిగాయి. మైసూరు నుంచి తెచ్చుకున్న చెక్క ఏనుగు వీపు మీద వెంట్రుకంత గీత పడింది. ఇన్నాళ్ళూ ఇదంతా నాసిరకం పని అనుకొని, చేసినవాళ్ళను తిట్టుకున్నాను. కంటికి కనబడని గాలి మా ఇంట్లోని ఒక్కో వస్తువు నుంచి గుటక గుటకగా నీళ్ళు తాగుతోందని తోచలేదు.

ఇప్పుడు పాప నిద్రపోయింది. తువ్వాలు తడిపి, పిండి, మంచం పక్కన కుర్చీ వీపు మీద ఆరవేశాను. తడి నూలు వాసన వచ్చింది. ఇలాంటి పని ఇంతకు ముందు ఒకసారి చేశానని ముందు నా చేతులకు గుర్తొచ్చింది, తర్వాత నాకు.

మా ఇల్లు పాత పేటలో, రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకరు దిగి నిలబడవలసినంత ఇరుకు సందులో ఉండేది. మేము నేతవాళ్ళం. మా వాళ్ళు ఎప్పుడు బెంగళూరు చేరారో ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. ఆ సందులో పుట్టిన పిల్లలకు గడియారం అక్కర్లేదు. చీకటి ఉండగానే ఒక ఇంట్లో మగ్గం చప్పుడు మొదలయ్యేది. దానికి బదులు చెప్పినట్టు ఇంకో ఇంట్లో. అన్నీ కలిసి కొట్టుకుంటున్నప్పుడు అమ్మ లేచి పొయ్యి వెలిగించేది.

ముందు గది మగ్గానిది, వెనక గది మాది. మగ్గం ఇంట్లో మేము అద్దెకున్నట్టు ఉండేవాళ్ళం. అది గుంత మగ్గం. నేలలో మనిషి నడుము లోతు గుంత తవ్వి ఉండేది. నాయన ఆ గుంత అంచున కూర్చొని, కాళ్ళు లోపలికి దింపి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేసేవాడు. పైకి నడుము నుంచే కనబడేవాడు. మరీ చిన్నప్పుడు, నాయన సగం మాత్రమే నేలలోంచి మొలిచాడని అనుకునేదాన్నట. అందరికీ చెప్పి నవ్వేవాళ్ళు.

నేల మట్టిది. అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, దాన్ని పేడతో అలికేది. ఆ గదిలో తడి మట్టి వాసన, పేడ వాసన, వాటి మధ్య పట్టు వాసన ఉండేవి. పట్టుకు వాసన ఉంటుందంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. కొత్త పట్టు పోగు ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఉడికిన గింజల మీద నుంచి వచ్చే ఆవిరిలాంటిది, కొంచెం వెగటుగా ఉంటుంది. నాయన తిండికి లేచినప్పుడు నేను గుంతలోకి దూకి దాక్కునేదాన్ని. ఎంత ఎండాకాలమైనా అడుగు చల్లగా, చెమ్మగా ఉండేది. గోడను గోటితో గీస్తే నల్లటి మట్టి గోటిలో ఇరుక్కునేది. ఆ చేతులతోనే అవరెకాయలు, అంటే అనపకాయలు, ఒలవడానికి కూర్చుంటే అమ్మ వేళ్ళ మీద ఒక్కటి వేసేది. సీజనులో రోజూ ఆ గింజల పితికిపప్పు, రాగిసంగటే మాకు.

ఆ ఇంట్లో పొడిగా ఉండే వస్తువంటూ లేదు. జాడీలో ఉప్పు ముద్ద కట్టేది. అగ్గిపెట్టె నెమ్ముతుందని అమ్మ దాన్ని రొండిన దోపుకొని తిరిగేది. వానాకాలంలో వీధి తలుపు ఉబ్బిపోయి, నాయన భుజంతో తోస్తే గానీ తెరుచుకునేది కాదు.

"ఇది ఇల్లా, చేపల తొట్టా?" అనేది అమ్మ.

"పట్టు బతికేది చెమ్మలోనే. దానికి బాగుంటే మనకు బాగున్నట్టే లేవే" అనేది అవ్వ.

నాయన చెల్లెలు, మా అత్త, అప్పటికి హైస్కూలు ముగించి ఇంట్లో కండెలు చుడుతూ ఉండేది. రాట్నం తిప్పుతూ తిప్పుతూ ఆపేసి, "అవునే పాపా, కాకి ఒంటికన్నుతో ఎందుకు చూస్తాది?" అని అడిగేది. నేను ఏదో ఒకటి చెబితే, "అట్లయితే కోడి?" అనేది. ప్రతిదానికీ ఎందుకు అని అడిగే జబ్బు నాకు ఆవిడే అంటించింది.

అత్తకు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వాళ్ళదీ నేత కులమే గానీ, మగ్గం వదిలేసి ఒక తరం అయింది. తాంబూలాల రోజు పెళ్ళికొడుకు తల్లి మా ముందు గదిలోకి రాగానే చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తింది. సంచిలోంచి పాత పేపరు తీసి, చాప మీద పరిచి, దాని మీద కూర్చుంది.

వాళ్ళు పోగానే అమ్మ మొదలుపెట్టింది.

"చూస్తివా? చాప మీద పేపరు! మనమేమో పేడలో కూర్చోబెట్టినట్టు."

"వాళ్ళింట్లో మొజాయికి నేల అంటనే వదినా. అలవాటైపోయి ఉంటాది" అంది అత్త.

"అదే చెప్తా ఉండేది. రేపు పెళ్ళికి వాళ్ళ చుట్టాలంతా వస్తారు. ఎన్ని పేపర్లు తెస్తారు?"

కొద్ది రోజులకు నాయన మేస్త్రిని వెంటబెట్టుకొని వచ్చాడు. మగ్గం విప్పి గోడకు చేర్చారు. ఇల్లంతా ఎర్ర గచ్చు. వెనక గదిలో రుబ్బురోలు చుట్టూ మాత్రం మట్టి వదిలేశారు. రుబ్బేటప్పుడు అదురుకు గచ్చు పగులుతుందని మేస్త్రి వద్దన్నాడు. చివర్లో గుంత దగ్గర నిలబడి అడిగాడు.

"సిమెంటు మిగిలింది సార్. దీనికి కూడా లోపల పూసేద్దామా? మట్టి రాలదు, పురుగూ పుట్రా చేరదు."

"పూసెయ్యప్పా, నున్నగా ఉంటాది" అన్నాడు నాయన సంతోషంగా. అడుగు, నాలుగు గోడలు, అంతా సిమెంటు.

గచ్చు గట్టిపడాలని దాని మీద రోజుల తరబడి నీళ్ళు నిలబెట్టాం. నేను కాగితం పడవలు వదిలాను. తర్వాత కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది మెరుపు తెచ్చారు. అత్తా నేనూ ఎవరూ చూడకుండా గోడ నుంచి గోడకు జారే ఆట ఆడాం. అవ్వ ఒకసారి కాలు జారి, మెల్లగా, పద్ధతిగా కూర్చున్నట్టే కూలబడి, "నేల వెయ్యమంటే అద్దం వేసి దానికి వెన్న పూసినారు కదరా" అంది. సందులోవాళ్ళంతా వచ్చి చూశారు. పక్కింటి కన్నడం ఆవిడ చెప్పులు రెండిళ్ళ అవతల విడిచి వచ్చింది.

మగ్గం మళ్ళీ బిగించి, ఆ గచ్చు మీదే అత్త పెళ్ళి చీర పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించాం. మామిడిపండు రంగు, మిరపపండు రంగు అంచు. మా ఇంట్లో ఏడాది పొడుగునా ఎవరెవరి పెళ్ళి చీరలో నేసి ఇచ్చేవాళ్ళు. వాటిలో పోగు తెగితే నాయన ముడివేసి ముందుకు పోయేవాడు. అది అందరూ చేసేదే, ఎవరికీ కనబడదు. కానీ ఇంటి ఆడపిల్ల ముహూర్తం చీర వేరు. దాన్ని ఇంటి మగ్గం మీదే నెయ్యాలి, ఆ పడుగులో ముడి ఉండకూడదు. అవ్వ చీరలో ముడి లేదు, అవ్వ అత్తగారి చీరలో ముడి లేదు. పడుగుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అవ్వ ఆ మాట మళ్ళీ ఒకసారి అందరికీ చెప్పింది.

మొదట్లో మగ్గం బాగా నడిచింది. కొత్త గచ్చు ఇంకా లోలోపల తడిగానే ఉందని ఇప్పుడు అనుకుంటాను. తర్వాత ఒక మధ్యాహ్నం టక్కున చిన్న చప్పుడు, ఆ వెంటనే నాయన చెయ్యి ఆగిపోవడం. పోగు తెగింది. అవ్వ కళ్ళు మూసుకుంది. నాయన ముడివేశాడు. కాసేపటికి ఇంకొకటి. మరుసటి రోజు వరసగా.

పొడిగాలికి పట్టు తెగుతుందని నేతవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. మాఘం పోయాక ప్రతి ఏడూ ఉండే బాధే. నాయన చేయవలసినవన్నీ చేశాడు. కిటికీ మూసి గోనెపట్టా కట్టాడు. పడుగు కింద నీళ్ళ బిందెలు పెట్టాడు. నేల మీద నీళ్ళు చల్లాడు. మట్టి నేలైతే ఆ నీళ్ళు తాగి, నిదానంగా ఊపిరి వదిలినట్టు వదిలేది. గచ్చు మీద నీళ్ళు వాలుకు జారి తూములోకి పోయేవి, మిగిలింది చూస్తుండగానే ఆరిపోయేది. పోగులు చేతిని చూస్తే లేచి నిలబడేవి. ఒకదానినొకటి తోసుకునేవి. తెల్లవారుజామున నాలుగు బెత్తలు నేస్తే, ఎండ ఎక్కాక బెత్తెడు కూడా సాగేది కాదు. పొద్దున మాట వినే పోగు మధ్యాహ్నం ఎందుకు మొండికేస్తుందని నేను అడిగితే, "దాన్నే అడుగు పో" అన్నాడు నాయన. నిజంగానే చెవి పెట్టి విన్నాను. చిటచిటమని ఏదో చప్పుడు వినబడింది.

తప్పు ఎక్కడుందో అన్నదాని మీద ఇంట్లో తలా ఒక మాట. పట్టు నాసిదని నాయన. కొత్తగా పెట్టించిన ట్యూబులైటు వేడి అని అవ్వ. పెళ్ళికొడుకు తల్లి దిష్టి అని అమ్మ. అమ్మ ఉప్పు, మిరపకాయలు మగ్గం చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఉప్పు భలే చిటపటలాడింది.

"చూస్తిరా ఎంత దిష్టో!" అంది అమ్మ.

"వదినా, ఉప్పు పొడిపొడిగా ఎప్పటి నుంచి ఉండాది మనింట్లో?" అంది అత్త.

అప్పటి నుంచి అత్తా నేనూ ఇల్లంతా వెతకడం మొదలుపెట్టాం. జాడీ వంచితే ఉప్పు ఇసుకలా జారింది. వీధి తలుపు గాలికి తనంతట తానే తెరుచుకుంటోంది. అవ్వ మడమలు బీటలు వారాయి. దేవుడి పటం వెనక అట్ట ఎండి వంకర తిరిగి, దేవుడు ముందుకు వంగి మమ్మల్ని చూస్తున్నట్టున్నాడు. నా జడ దువ్వితే వెంట్రుకలు దువ్వెన వెంటబడి వచ్చేవి. ఒక మధ్యాహ్నం అందరం అన్నాలు తింటుంటే ముందు గదిలో ఢాం అని పేలినట్టు చప్పుడైంది. పరుగెత్తి చూస్తే అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పనసచెక్క పెట్టె మూత ఈ చివర నుంచి ఆ చివరకు పగిలి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. అవ్వ పెట్టె మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. పోగులు తెంపే రాక్షసుడెవరో ఇంట్లోనే ఉన్నాడు, కనబడటం లేదు, అంతే.

అత్త భయపడలేదు. పాత చీరలన్నీ తడిపి మగ్గం చుట్టూ తాళ్ళ మీద ఆరవేసింది. నేను బకెట్టులో ముంచి పిండి అందించేదాన్ని. లోపల నాయన డేరాలో కూర్చున్నట్టు. అదీ ఎక్కువ కాలం సాగలేదు. వీధి కొళాయికి నీళ్ళు సరిగా రాని రోజులవి. "మనుషులకు తాగేదానికి లేదు, దారానికి తాపుతా ఉండారు!" అని అమ్మ బిందెలు లాక్కుపోయింది. అమ్మదీ తప్పు కాదు. పెళ్ళి దగ్గరపడుతోంది, చీర లోపలి చెరగు కూడా పూర్తి కాలేదు, అందులో అప్పుడే ముడుల వరస. కోసేసి మొదటికి వద్దామంటే పడుగు ఒక్క చీరకే సరిపోను ఉంది. బజారులో వేరే చీర కొంటే సరి అని అమ్మ ఒక్కసారి అంది. నాయన పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు.

తేల్చింది తమలపాకులు. అవ్వ ఆకులు తడిగుడ్డలో చుట్టి పెట్టుకునేది. ఆ వేసవికి అవి పూటకే వాడిపోయేవి. చల్లటి చోటు వెతుక్కుంటూ అవ్వ ఆ మూటను ఇల్లంతా తిప్పింది. దేవుడి మూలలో, గుంత అంచున, మంచం కింద, అన్నిచోట్లా ఎండాయి. ఒకరోజు రుబ్బురోలు పక్కన మరిచిపోయింది. మరునాడు విప్పి చూసి కేక వేసింది.

"ఏమే, ఈడ చూడండి. తోటలోంచి ఇప్పుడే కోసినట్టు ఉండాయి!"

అత్త వచ్చి చూసింది. రోలు పక్కన గొంతుకూర్చొని, ఒక అరచెయ్యి మట్టి మీద, ఒక అరచెయ్యి గచ్చు మీద పెట్టింది. నన్నూ పెట్టమంది. గచ్చు చల్లగానే ఉంది, కానీ ఎండిన చల్లదనం. మట్టి చల్లదనం అరచేతికి అంటుకుంది.

"అన్నా, ఒకసారి ఇట్లా రా" అంది అత్త. నాయన వచ్చాడు. చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"అయితే?" అన్నాడు చివరికి.

"అయితే ఏముండాది. గుంతకు సిమెంటు పూసి దాని నోరు మూసినాము. కింద నుంచి వచ్చే చెమ్మ యాడికి వస్తాది?"

"ఊరికే సుమ్మనే మాట్లాడొద్దు. రెండు నెలలు కూడా కాలేదమ్మే ఈ గచ్చు వేసి."

"పగలగొడదాం."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చేసింది. "నీకేమైనా పిచ్చి పట్టిందా? వాళ్ళు మళ్ళీ వస్తారు పెళ్ళి పనుల మీద. గుంతలు చూపిస్తామా?"

"పేపరు పరిచిన రోజు నువ్వూ ఉంటివి గదా. ఎవరి కోసం వేయించినాను ఇది?" అన్నాడు నాయన. ఆ గచ్చును ఆయన రోజూ పొద్దున చేత్తో తడిమి చూసుకునేవాడని అందరికీ తెలుసు.

"నా కోసమే అన్నా, తెలుసు. కానీ వాళ్ళు చూసేది గచ్చు. నేను కట్టుకొని పోయేది చీర. నీకు ఏది కావాలో చెప్పు."

నాయన అవ్వ వైపు చూశాడు. అవ్వ ఆకుకు సున్నం రాసుకుంటూ తల ఎత్తలేదు. అత్త పెరట్లోకి పోయి గడ్డపార తెచ్చింది. చీర కొంగు బిగించి, గుంత అంచున నిలబడి, పైకెత్తింది. ఎత్తడం చేతకాలేదు, పక్కకు తూలింది. నాయన లేచి దాని చివర పట్టుకున్నాడు.

"ఇటియ్ అమ్మే. పెళ్ళికూతురి చేతికి బొబ్బలు ఎందుకు."

ముందు పడుగుకు దుప్పటి కప్పాడు. తర్వాత గుంతలోకి దిగాడు. మొదటి దెబ్బకు నిప్పురవ్వ లేచింది. గోడల సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అత్తా నేనూ గంపలతో మోశాం. పైన మగ్గం చుట్టూ కూడా నాలుగడుగుల మేర ఎర్ర గచ్చు లేపేశాడు. ప్రతి దెబ్బకూ అమ్మ "అయ్యో" అంటూనే ఉంది. అవ్వ మాత్రం పేడ కోసం బయలుదేరింది. అలికి, గోనెలు తడిపి పరిచాం. ఇంట్లో పాత వాసన వచ్చింది. రాక్షసుడు పోయాడనే అనుకున్నాను.

మరునాడు సాయంత్రం ఆకాశం నల్లబడి, ఎండల్లో వచ్చే మామిడి వాన కొట్టింది. సందులో పిల్లలమంతా నోళ్ళు తెరుచుకొని నిలబడ్డాం.

ఆ మరుసటి రోజు నుంచి ఒక్క పోగు తెగలేదు. మధ్యాహ్నం కూడా మగ్గం ఆగకుండా నడిచింది. కానీ దేని వల్ల? నాయన వాన వల్లే అన్నాడు. అత్త మట్టి వల్లే అంది. అమ్మ దిష్టి రెండోసారి తీసినందుకు అంది. వాన రాకపోయి ఉంటే ఏమయ్యేదో అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. ఒకరోజు ఆగి వచ్చి ఉంటే తెలిసిపోయేది. అవ్వకు ఇవేమీ పట్టలేదు. "పోగు నిలిచె. ఇంక గలాటా ఎందుకు?" అంది.

చీర సగం పైగా అయిన రోజుల్లో పెళ్ళికొడుకు తల్లి చెప్పా పెట్టకుండా వచ్చింది. గడపలోనే ఆగిపోయింది. మెరిసే ఎర్ర గచ్చు, మధ్యలో పెద్ద పుండులా మట్టి.

"ఇదేమి, ఇట్లయ్యింది?"

"పందికొక్కులమ్మా, ఏం చెప్పేది! ఒక్క రాత్రిలో తవ్వి పారేసినాయి" అంది అవ్వ, రెప్ప కొట్టకుండా.

"పందికొక్కులు కాదు అత్తమ్మా. మేమే పగలగొట్టినాము. చీర పోగులు తెగిపోతా ఉంటే" అంది అత్త.

అమ్మ గోడకు ఆనుకుంది. పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె నాయన చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ నెమ్మదిగా వచ్చి గుంతలోకి తొంగి చూసింది, మగ్గం మీది చీర చూసింది, అత్త ముఖం చూసింది.

"మా ఇంట్లో మొజాయికి. నాకు ప్రాణం అది. దాన్ని పగలగొడతానంటే ఒప్పుకోను, ఇప్పుడే చెప్తా ఉండాను" అంది. పెదవి చివర నవ్వు ఉందో లేదో సరిగా తెలియలేదు.

"మీ ఇంట్లో మగ్గం లేదు కదా అత్తమ్మా" అంది అత్త.

నాయన మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు, ఇదివరకటి కంటే కొంచెం గట్టిగా. ఈసారి ఆవిడ పేపరు తియ్యలేదు. చాప పరిచే చోటే మిగలలేదు. పగిలిన పనసచెక్క పెట్టె మీద కూర్చొని కాఫీ తాగి వెళ్ళింది.

చీర మగ్గం నుంచి దిగిన రోజు అవ్వ దాన్ని ఒడిలో వేసుకొని, తిరగేసి, చూపుడు వేలితో మొత్తం తడిమింది. లోపలి చెరగు దగ్గర వేలు ఆగి, ఆగి, ముందుకు పోయింది. మేమందరం ఆ వేలినే చూస్తున్నాం. నాయన తల వంచుకొని ఉన్నాడు.

"లోపలికి దోపుకునే చోటనే ఉండాయి ముడులన్నీ" అంది అవ్వ చివరికి. "నడుములోకి పోతాయి. పురోహితునికి కనపడవు. దేవునికి నేను చెప్పుకుంటాను లే."

పెళ్ళి పొద్దున అమ్మ ఆ చీర కడుతుంటే అత్త గట్టిగా ఊపిరి పీల్చింది.

"గుచ్చుకుంటా ఉండాయి వదినా."

"గుచ్చుకోనీ. ఊరికే వచ్చిందా ఈ చీర?" అని అమ్మ ఇంకాస్త బిగించి దోపింది. అంతలోనే కళ్ళు తుడుచుకొని, పొగ పెట్టిందెవరే అని లేని పొగను తిట్టింది.

తర్వాత సందులో ఒక్కో ఇంట్లో మరమగ్గాలు వచ్చాయి. వాటికి గుంత అక్కర్లేదు. మా మగ్గం విప్పిన రోజు నేను కాలేజీకి పోయి ఉన్నాను, చూడలేదు. అవ్వ అంతకు ముందే పోయింది. నాయన వేరేవాళ్ళ మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరాడు. మా ఇంట్లో పండగలకు కలిసినప్పుడు మాత్రం వానా, మట్టా అన్న తగాదా వదలలేదు. "ఆ రోజు వాన కొట్టకపోతే నీ గచ్చు కొండంత పగలగొట్టినా పోగు నిలిచేది కాదు" అని నాయన, "నీ గచ్చు పోయిందని నీకు ఇంకా బేజారు, అంతే" అని అత్త. ఇప్పుడు నేను చదివిన నాలుగు ముక్కలతో ఆలోచిస్తే ఇద్దరి మాటా కొంత నిజమే అనిపిస్తుంది. కానీ ఎవరిది ఎంత అని అడిగితే చెప్పలేను. ఆ ఇల్లు ఉంటే కొలిచి చూసేదాన్నేమో.

ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్ళు దుకాణాల కాంప్లెక్సు కడతామని కూల్చే రోజున నాయన వద్దంటూనే బయలుదేరాడు. నేను తోడు వెళ్ళాను. పీణ్య నుంచి అత్త వచ్చింది. ఫాల్గుణం ఎండ. ఎన్నో వారాలుగా చినుకు లేదు, సందంతా దుమ్ము. గోడలు అప్పటికే పడిపోయాయి. తవ్వే యంత్రం ఎర్ర గచ్చును పెద్ద పెద్ద పలకలుగా లేపి పక్కకు పడేస్తోంది. మగ్గం ఉన్న చోటికి వచ్చి, గుంతలో నింపిన రాళ్ళూ రప్పలూ తీసి, అడుగు నుంచి ఒక తొట్టెడు మట్టి ఎత్తి బయట పోసింది. ఆ మట్టి నల్లగా, మెత్తగా, ముద్దలు ముద్దలుగా పడింది.

అత్త నోరు తెరిచింది. నాయన ముఖం చూసి మూసుకుంది.

నాయన ఆ కుప్ప దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఒక ముద్ద తీసి పిడికిట్లో నొక్కాడు. వేళ్ళ సందుల్లోంచి చెమ్మ కనబడింది. లేచాడు. ముగ్గురం బస్సు స్టాపు దాకా నడిచాం. బస్సు నిండుగా ఉంది. దారి పొడుగునా కుదుపులకు తూలుతూ, పైన కమ్మీని నాయన ఎడమ చేత్తోనే పట్టుకున్నాడు. కుడి పిడికిలి విప్పలేదు.